ఊట ఎంతో ఊరంత

మా కొండల్లో ఒక చావు పేపర్లోకి ఎక్కాలంటే అందులో డోలీ ఉండాలి. మా అత్త చావులో డోలీ లేదు. అంబులెన్సు ఆగిపోవడం లేదు, దారి మధ్యలో ప్రాణం పోవడం లేదు. పొద్దున్నే అంబలి తాగి, ఊట పక్కన పనస చెట్టు కింద కూచుని అడ్డాకుల విస్తరి కుడుతూ, విస్తరి సగంలో ఉండగానే చెట్టుకి ఆనుకుని వెళ్ళిపోయింది. వయసైపోయింది, వెళ్ళింది. ఇలాంటి చావు ఎవరికీ వార్త కాదు. అందుకే నేను రాస్తున్నాను.

కబురు వచ్చినప్పుడు నేను మధురవాడలో ఒక అపార్టుమెంటు పై అంతస్తులో స్లాబుకి ఇనుము కడుతున్నాను. ఫోన్ చేసింది అత్త కూతురు, నా మరదలు. మా ఊళ్ళో సిగ్నల్ ఒక్క బండ మీదే దొరుకుతుంది. ఆ బండెక్కి ఫోన్ చేస్తే ముందు గాలి హోరు వినిపిస్తుంది, తరవాత మనిషి.

"బావా, అమ్మ ఎల్లిపోనాది. ముందు నువ్వు కిందకి దిగు. దిగినాక ఏడుద్దువుగాని. బేగి రా."

తల్లి పోయిన మనిషి నన్ను జాగ్రత్తగా దిగమని చెప్పింది. అదీ మా అత్త పెంపకం.

దిగి, అరకు బస్సెక్కాను. మీలో చాలామంది ఆ బస్సెక్కే ఉంటారు. ఎండాకాలం సెలవులు కదా, లోపల ఒంటికాలి మీద నిలబడ్డాను. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కి, అరకులో దిగితే రోడ్డంతా మనుషులే. బొంగు చికెన్ దగ్గర, సెల్ఫీల దగ్గర, కాఫీ కొట్ల దగ్గర ఒకరి భుజం ఒకరికి తగులుతోంది. డుంబ్రిగుడ జీపులో వెనక పట్టుకుని వేలాడాను. జీపు ఆగిపోయిన చోట దిగి కాలిబాట పట్టాను. అక్కడి నుంచి ఒక్క మనిషి లేడు. నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది.

ఒకే పూటలో కిక్కిరిసిన చోటు నుంచి మనిషి అలికిడి లేని చోటికి. ఎందుకు అక్కడ అంతమంది, ఇక్కడ ఇంత తక్కువమంది? ఈ ప్రశ్న నా బుర్రలో పెట్టింది మా అత్తే. ఏడుస్తూ నడుస్తున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా దుఃఖం కన్నా అదే ముందుకి తోసుకొస్తోంది.

ఆమె మా నాన్నకి అక్క. ఒద్దికైన మనిషి అనుకోకండి. ఆమె గొంతు పక్క కొండకి వినపడేది. అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని. నోట్లో నిప్పు ఉండగానే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. తన అంత తెలివైన మనిషి చుట్టుపక్కల కొండల్లో లేదని ఎవరూ అడక్కుండానే చెప్పేది. "మరి సంతలో నిన్ను మోసం సేసినోడెవడు?" అని మా నాన్న అంటే, "ఆడు పక్క కొండోడు కాడురా, కిందోడు" అనేది. ఓడిపోవడం ఆమెకి చేత కాదు.

మా ఊరంటే కొన్ని ఇళ్ళు. ఆ ఇళ్ళకి ఒక్కటే ఊట. బండల సందులోంచి చిటికెన వేలంత ధార. వానల్లో లావౌతుంది, ఎండల్లో దారమౌతుంది. ఎండాకాలం బిందెలు వరసలో పెడతాం. ఊట పక్కన ఒక నల్లటి చదును రాయి ఉంది. పొద్దున దాని మీద పనస నీడ ఉంటుంది. ఆ నీడ జరిగి రాయి మీద ఎండ పడేలోగా ఆఖరి బిందె నిండాలి. నిండితే ఊరు సరిపోయినట్టు. ఎండ పడ్డాక కూడా ఖాళీ బిందెలు మిగిలితే ఊరు ఎక్కువైనట్టు. అలా ఎండాకాలమంతా మిగులుతూ ఉంటే, కొత్తగా కాపురం పెట్టిన ఇళ్ళు లేచి ఇంకో ఊట దగ్గరకి పోతాయి. వాళ్ళ ఇంటి దూలాలు వాళ్ళు మొయ్యకూడదు. ఉండిపోయేవాళ్ళే మోసుకెళ్ళి అక్కడ దింపాలి. నా వంతు నీళ్ళు నీకు వదిలి పోతున్నాను కాబట్టి నా ఇంటి బరువు నీ భుజం మీద. ఇదీ మా వాడుక.

ఊట ఎంతో ఊరంత. ఇది మా అత్త మాట. సంతలో కూరగాయల బేరం దగ్గర కూడా అనేది, సంబంధం ఉన్నా లేకపోయినా.

ఇప్పుడున్న ఊరు కూడా అలా విడిపోయి వచ్చిందే. పెట్టింది మా అత్తా, ఆమె మొగుడూ. పాత ఊళ్ళో బిందెలు మిగిలిపోతే కొత్త కాపురం వాళ్ళదే కాబట్టి లేచారు. కొత్త చోటు మంచిదో కాదో తెలుసుకోడానికి సాయంత్రం నేల మీద నాలుగు గింజలు పెట్టి ఆకు బోర్లిస్తారు. తెల్లారి గింజలు పెట్టినవి పెట్టినట్టుంటే చోటు ఒప్పుకున్నట్టు, చెదిరితే ఒప్పుకోనట్టు. మా అత్త పెట్టిన గింజలు చెదరడం కాదు, అసలు లేవు. చీమలు పట్టుకుపోయాయి. తోడొచ్చిన పెద్దలు "ఇది మంచి సోటు కాదు, పదండి" అన్నారట. మా అత్త కదల్లేదు.

"సీమలు కాపురం సేసే సోట మనిషి కాపురం సెయ్యలేడేటి? ఆటికి తిండున్నాది, తడున్నాది. మీకు కళ్ళు లేవు" అందట.

వాడుక ప్రకారం అది తప్పే. ఆ తప్పు మీదే మా ఊరు లేచింది. మా నాన్న వచ్చింది తరవాత, అక్క వెనకాల. ఆ కథ ఆమె చెప్పినప్పుడల్లా చీమలు పెద్దవైపోయేవి. చివరికొచ్చేసరికి తేనెటీగలంత అయ్యాయి.

నేను పదో తరగతి దాటలేదు. మిగిలిన చదువు విశాఖలో పాత పుస్తకాల బండి దగ్గర, ఫోన్‌లో. మేం ఒక్క గదిలో ఎంతమంది పడుకునేవాళ్ళమంటే, ఒకడు పక్కకి తిరిగితే వరసంతా తిరగాలి. ఆ గదిలోనే ఒకసారి ఫోన్‌లో ప్రపంచ పటం దొరికింది. మనుషులు ఎక్కువ ఉన్న చోట ముదురు రంగు, లేని చోట తెలుపు. నాకు మతి పోయింది. భూమి అంతటా మనుషులు సమంగా పరుచుకుని ఉంటారని నేను ఎక్కడో లోపల అనుకుంటూ ఉన్నాను. కాదు. గంగ పొడవునా నల్లగా ఉంది. చైనా నదుల దగ్గర నల్లగా ఉంది. వాటి పక్కనే బోలెడంత తెలుపు. ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఎవరికి చెబుతాను?

వలిసె పూలు విరగబూసిన రోజుల్లో ఇంటికెళ్ళాను. నల్లరాయి మీద కూచుని, ఫోన్‌లో దాచుకొచ్చిన పటం అత్తకి చూపించాను. ముందు నైలు. పెద్ద ఎడారి, మధ్యలో సన్నగా నల్లటి గీత, ఆ గీతలోనే దేశం దేశమంతా.

"గెడ్డ" అంది చూడగానే. వాగుని మా వైపు అలాగే అంటాం. "గెడ్డొంటే పడుకున్నారు. ఇంకేటి సూపిత్తావు, కట్టమైనది సూపించు."

జావా చూపించాను. సముద్రంలో చిన్న దీవి, నల్లగా నిండిపోయి ఉంది. నిప్పులు కక్కే కొండలున్నాయి అక్కడ అన్నాను. అత్త చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె చుట్ట తీసిందంటే ఆలోచిస్తున్నట్టు.

"నిప్పులు కక్కితే పారిపోవాలి గదా. ఎందుకున్నారు?"

"బూడిద అత్తా. ఆ బూడిద పడి నేల బలంగా అవుతుందట. ఏడాదికి రెండు మూడు పంటలు."

ఆమె నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఇప్పటికీ అక్కడ ఆ దెబ్బ ఉన్నట్టే ఉంటుంది. "పోడురా. ఆ కొండ తనకి తానే పోడు కొట్టుకుంతన్నాది. మనం నరికి కాలిత్తే గాని బూడిద రాదు, ఆలకి కొండే పంపుతాది. ఓలమ్మా, ఎంత అదృట్టం." లేచి ఇంటింటికీ వెళ్ళి ఈ మాట చెప్పి వచ్చింది. సగం మంది నమ్మలేదు. ఒక ముసలాయన "కొండ నిప్పు కక్కితే సుట్ట ముట్టించుకోడానికి బాగుంతాది" అన్నాడు.

ఆ పూట నాకు అర్థమైనంత భూగోళం ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు. మా పోడు చెక్కల్లో ఒకటి పండితే మిగిలినవి కొన్నేళ్ళు నిద్రపోవాలి. ఒక్క కుటుంబానికి ఇంత కొండ కావాలి. కింద కృష్ణా, గోదావరి ఒడ్డున నేల నిద్రపోదు, వరద వచ్చి కొత్త మట్టి పరిచిపోతుంది. అందుకే అక్కడ ఊరి పక్కన ఊరు. ఆ మట్టి ఎక్కడిది? కొండలది. మట్టి మాది కిందకి పోతుంది. గోస్తని మా పక్క మండలం కొండల్లో పుట్టి కిందకి పోయి విశాఖ వాళ్ళ గొంతు తడుపుతుంది. కుర్రాళ్ళం మేం కిందకి పోయి వాళ్ళ మేడలు కడతాం. మట్టి, నీళ్ళు, మనుషులు అన్నీ కిందకి పోయాక, పైకొచ్చి చూసి, మీరు తక్కువమంది ఉన్నారు అంటారు. కోపం రాదా?

అత్త అన్నీ సరిగ్గా చెప్పిందని అనడం లేదు. సైబీరియా తెల్లగా ఉంటే "దోమలు. జొరాలకి ఊళ్ళు ఖాళీ అయిపోయుంతాయి" అంది. మంచు అత్తా, చలి అంటే ఒప్పుకోలేదు. మా కొండల్లో ఖాళీ అయిన ఊళ్ళన్నీ ఆమె చూసినంతలో జ్వరాలకే ఖాళీ అయ్యాయి. ఆమె లోకం అది. తరవాత నేను చదివితే అక్కడ కూడా వేసవిలో దోమలు దండిగా ఉంటాయని తెలిసింది. ఫోన్ చేసి చెప్పాను. "సెప్పినానా" అని బండ మీద నుంచి ఊరందరికీ వినపడేలా అరిచింది. మంచు సంగతి మాత్రం వినిపించుకోలేదు.

విశాఖ గురించి కూడా అడిగింది. "అక్కడ ఉప్పునీళ్ళు, రాళ్ళు. ఏటి తిని అంతమంది?" ఓడలు, రైళ్ళు, పని అన్నాను. కాసేపు చుట్ట పీల్చి, "అయితే పని కూడా ఊటే" అంది. "అక్కడ ఊరతన్నాది, నువ్వు బిందెట్టుకుని ఎల్లినావు."

ఇక అసలు సంగతి. ఈ ఎండాకాలం రాయి మీద ఎండ పడ్డా బిందెలు నిండలేదు. రోజూ మిగిలాయి. కొన్ని ఇళ్ళు కదలాలి. వాడుక ప్రకారం కదలాల్సినవి మూడు కొత్త కాపురాలు. అందులో ఒకటి అత్త కూతురిదే. చంకలో బిడ్డ. ఎక్కడికి పోవాలి? పైన గుట్ట అవతల ఎగువ ఊట ఉంది, చుట్టూ నేల ఉంది, దారి లేదు. కింద రోడ్డుంది, దగ్గర్లో ఆసుపత్రి ఉంది, సిగ్నలుంది.

ఆ రోజుల్లోనే రోడ్ల ఇంజినీరు వచ్చాడు. చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చాడు పాపం. ఊరందరినీ పనస కింద కూచోబెట్టి, "మీ ఊరికి జనాభా చాలదు. రోడ్డు పడాలంటే ఇంతమంది ఉండాలని రూలు. మీరు ఇంకా విడిపోయి పైకి పోతే ఎప్పటికీ రాదు. అందరూ కిందకి వచ్చేయండి" అన్నాడు. నేను సెలవు పెట్టి ఆ రోజు అక్కడే ఉన్నాను.

అత్త ఊట వైపు చెయ్యి చూపించింది. "నాయినా, ఆ ఊట మనుషుల్ని లెక్కెట్టి ఊరతన్నాదా? అది ఊరినాకే మేం వొచ్చినాం. ముందు మనుషులు పోగవ్వాలి, అప్పుడు ఊరతాను అని అది అన్నాదేటి?"

"అమ్మా, రూలు నేను రాయలేదు" అన్నాడాయన.

"రాసినోడికి దాహం తెలీదు. నువ్వు తాగు" అని తన బిందెలోంచి ముంచి ఇచ్చింది. ఆయన రెండు గ్లాసులు తాగాడు, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆయన మలుపు తిరగ్గానే నేను అత్త మీద పడ్డాను. మాట బాగానే చెప్పావు, రేపు బిడ్డకి జ్వరమొస్తే ఎగువ ఊట దగ్గర ఎవరు చూస్తారు, కూతుర్ని రోడ్డు పక్కకే పంపు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె కోప్పడలేదు. "నేనెవల్తిని పంపడానికి? దాని కాపురం దానిది" అని కూతురి వైపు తిరిగింది. "గుంటా, కిందకెల్లి మీ మరిది ఇంటికాడ కొన్నాల్లుండి సూడు. నచ్చితే దూలాలు అక్కడికే మోత్తాం. నా కోసం సూడకు."

మరదలు వెళ్ళింది. ఉంది. అత్త పోవడానికి కొద్ది రోజుల ముందు తిరిగొచ్చింది. రోడ్డు పక్క కాలనీలో బోరు ఒకటి, కొండల మీద నుంచి దిగిన అన్ని ఊళ్ళూ దాని చుట్టూనే. రోజూ తగువులు. "అక్కడ ఈరోజు ఆఖరి బిందె రేపు నిండుతాది" అందట. అత్త నవ్వి ఊరుకుంది. ఇటు పో అనలేదు, అటు పో అనలేదు. ఆ మాట తేలకుండానే ఆమె చెట్టుకి ఆనుకుని వెళ్ళిపోయింది.

నేను చేరేసరికి పొద్దు వాలుతోంది. పనస కింద, గట్ల మీద, మా ఇంటి వెనక వాలులో ఎక్కడ చూసినా మనుషులు. కాలిబాటలో ఒక్కడు కనపడలేదే, వీళ్ళంతా ఎక్కడి నుంచి వచ్చారు? నాలుగు వైపుల కొండల మీద నుంచి దిగారు. ఆమె చేత పురుడు పోయించుకున్నవాళ్ళు, ఆమె ఇంటి దూలాలు మోసినవాళ్ళు, ఆమె తిట్టినవాళ్ళు. ప్రతి ఇల్లూ ఒక బిందె నీళ్ళు నెత్తిన పెట్టుకుని వచ్చింది. మా ఊటకి బరువు కాకూడదని. ఎవరూ చెప్పలేదు, అలా తెచ్చారు. ఇంజినీరు గారికి కనపడని జనాభా అది. ఒక చోట పోగు పడలేదు, అంతే. చోళ్ళు, అంటే రాగులు, చల్లేటప్పుడు అత్త నా చేతి మీద కొట్టేది: "ఒత్తుగా జల్లితే గడ్డి, పలచగా జల్లితే గింజ."

మట్టి చేసి, ఆ పని ఈ పని అయ్యాక, ఒక సాయంత్రం మరదలు బిడ్డని నా చేతికిచ్చి ఎగువ ఊట వైపు నడిచింది. ఊరు వెనకాలే వెళ్ళింది, కదలాల్సిన మిగతా రెండు కాపురాలతో సహా. ఆమె నడుముకి అత్త కుడుతూ వదిలేసిన సగం విస్తరి. అక్కడ నేల చదును చేసి, సామ గింజలు పెట్టి, ఆ విస్తరి బోర్లించింది.

నాకు ఆగలేదు. "ఆలోచించావా? రోడ్డు?" అన్నాను.

ఆమె లేవకుండానే తలెత్తింది. "బావా, నువ్వు మా కాడికి రోడ్డు తెత్తావా, రోడ్డు కాడికి మమ్మల్ని తెత్తావా? ఏదోటి సెప్పు. ఏటీ సెయ్యనోడివి అరవకు."

అందరూ నవ్వారు. అత్త గొంతు దిగింది ఈ పిల్లకి. నేను రోడ్డు తెస్తాను అన్నాను. ఎలాగో తెలీదు. ఆఫీసు మెట్లెక్కుతాను, ఊట మాట ఎక్కిన ప్రతి మెట్టు మీదా చెబుతాను. అరిచి చెబుతాను. రోడ్డంటే మనుషులు పోగయ్యాక ఇచ్చే బహుమానం కాదు. అది ఊట. ముందు ఊరాలి.

తెల్లారాక మళ్ళీ ఎక్కాం. మంచు ఇంకా గుట్ట మీదే ఉంది. మరదలు విస్తరి ఎత్తింది.

ఒక్క గింజ లేదు.

ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోగా మరదలు కింద కూచుని నేల వైపు వేలు చూపించింది. సన్నటి నల్లగీత ఒకటి తడి మట్టి మీదుగా, ఊట పక్కనుంచి, గుట్ట పైకి పోతోంది. నేను ఫోన్‌లో చూసిన నైలు లాగే ఉంది. చివరి చీమ ఒకటి తనకన్నా పెద్ద సామ గింజని ఈడ్చుకుంటూ, జారిపోతూ, మళ్ళీ పట్టుకుంటూ పైకి ఎక్కుతోంది.

పెద్దాయన వంగి ఆ గీతని చూసి తలూపాడు. అందరం కిందకి దిగాం, దూలాలు ఎత్తుకోడానికి. ముందు కొస నేను పట్టుకున్నాను. అత్త చరిచిన భుజం మీదే పెట్టుకున్నాను. ఎక్కేటప్పుడు ఎవరో వెనక నుంచి "సూసి నడు, సీమల్ని తొక్కీగలవు" అన్నారు. దూలం బరువుతోనే మేమందరం పక్కకి జరిగి, వాటి గీత వదిలి, వాటి వెంటే ఎక్కాం.